సోమవారం తెరవబోయే రోడ్డు

సోమవారం లోపల కావలసిన పనులు ఇవి. తూము మీద ఇంకా మెత్తగా ఉన్న మట్టిని దిమ్మిస కొట్టించి, కంకర పరిపించి, నీళ్ళు జల్లి మళ్ళీ కొట్టించాలి. రోడ్డుకి రెండు పక్కలా పాతిన రాళ్ళకి సున్నం వేయించాలి. బజారు మొదట్లో, బండ్లు మళ్ళవలసిన చోట, నోటీసు బోర్డు రాయించాలి. నల్ల వంతెన దగ్గర రోడ్డు మీదకి వంగిన పాకల చూరులు, పాకలవాళ్ళని ఒప్పించి, కోయించాలి. బండ్లు ఆపడానికి ఎర్రజెండాలు కుట్టించాలి, కర్రలతో సహా. కొబ్బరాకుల పందిరి, రిబ్బను, కత్తెర. కత్తెరకి పదునుందో లేదో ముందే చూసుకోవాలి. కాకినాడ నుంచి వచ్చే పెద్ద ఇంజనీరు గారికి ఎత్తుగా ఉండే కుర్చీ ఒకటి సంపాదించాలి; ఆయనకి నడుంనొప్పి.

ఈ రోడ్డు వేయిస్తున్న ఓవర్సీరు పేరు చిన్నబ్బాయి. ఇవన్నీ అతని బుర్రలో బజారులో బండ్లలాగే ఒకదాని వెనక ఒకటి ఆగిపోయి ఉన్నాయి. ముందుది కదిలితే గాని వెనకది కదలదు. ముందున్నది తూము.

ఆంధ్ర రాష్ట్రం వచ్చాక అది మొదటి వేసవి. కాలువలు కట్టేశారు. నీళ్ళున్నన్నాళ్ళూ పడవల మీద పోయే సరుకంతా ఒడ్డెక్కింది. రాజోలు వైపు నుంచి కొబ్బరికాయల బండ్లు, ఓడలరేవు వైపు నుంచి ఎండుచేపల బండ్లు, కొత్తపేట వైపు నుంచి ధాన్యం, గడ్డి. వీటి మధ్యకి హారను కొట్టుకుంటూ ముక్తేశ్వరం రేవు నుంచి వచ్చే బస్సు. అన్నీ అమలాపురం మెయిన్ బజారులోంచే పోవాలి. బజారు చూస్తే, రెండు బండ్లు ఎదురుపడితే ఇరుసూ ఇరుసూ తగులుకునేంత. ఒక్క ఎద్దు మొరాయించిందంటే వంతెన దాకా అంతా ఆగిపోయేది. బండివాళ్ళు కిందికి దిగి ఒకళ్ళ ఎద్దుల్ని ఒకళ్ళు తిట్టేవారు. మనుషుల్ని తిడితే దెబ్బలాట అవుతుందని.

చిన్నబ్బాయి తండ్రిది పలివెల, ఆయన బండి తోలేవాడు. గడ్డిమోపుల మీద కూర్చుని ఇదే బజారులో ఎండలో గడిపిన పూటలు చిన్నబ్బాయికి బాగా గుర్తు. అందుకే ఈ కొత్త రోడ్డంటే అతనికి ఉద్యోగం ఒక్కటే కాదు. బజారుకి పడమటి కొసన మొదలై, కొబ్బరితోటల వెనకనుంచి చుట్టు తిరిగి, నల్ల వంతెన దగ్గర తేలే రోడ్డు. బరువు బండ్లన్నీ అటు పోతే బజారు ఊపిరి పీల్చుకుంటుంది. తోటలోంచి పోయే మేర నేలంతా కొబ్బరి వ్యాపారీ, జిల్లా బోర్డు మెంబరూ అయిన వీరన్న గారు ఆ బోర్డుకి ఊరికే రాసిచ్చేశారు. అంతటి మనిషి అడగ్గానే ఎలా ఇచ్చారా అని చిన్నబ్బాయి ఆశ్చర్యపోయాడు గాని, ఆశ్చర్యపోతూ కూర్చునే తీరిక లేకపోయింది.

శుక్రవారం పొద్దున్న అతను తూము దగ్గరికి వెళ్ళేటప్పటికే దిమ్మిస మోగుతోంది. నలుగురు ఆడవాళ్ళు నాలుగు తాళ్ళు పట్టుకుని బరువైన దుంగని ఎత్తి నేలమీద వదులుతున్నారు. పక్కన నిలబడి మార్తమ్మ వరస చెబుతోంది.

"ఎత్తమ్మా... వదులమ్మా. ఎత్తమ్మా... వదులమ్మా. ఓలమ్మో, లోవమ్మా, అది దిమ్మిసే. మీ అత్తగారు కాదు, అంత కోపంగా కొట్టకు."

నవ్వు లేచింది. నవ్వులో కూడా దిమ్మిస తప్పు పడలేదు. మార్తమ్మ నెత్తిన గోనెపట్టా మడిచి వేసుకుంది. ఒక కాలు కాస్త ఎత్తెత్తి వేస్తుంది. రోడ్డు మొదలైన దగ్గర్నుంచి ఊరి చివర పేట ఆడవాళ్ళ ముఠాకి ఆవిడే పెద్ద. దిమ్మిస పడిన చోట మడమతో నొక్కి చూస్తుంది. మడమ దిగితే మళ్ళీ కొట్టిస్తుంది.

"రేపటికి అయిపోతుందా మార్తమ్మా?" అన్నాడు చిన్నబ్బాయి.

"అవుద్ది బాబుగారూ. మీరలా గట్టు మీద ఆ కొసకీ ఈ కొసకీ తిరక్కండి. మీరు తిరుగుతుంటే నా వరస తప్పుతోంది."

అతను నవ్వి, అక్కడ ఆగలేక, బజారు మొదటికి నడిచాడు. పెయింటరు అబ్బులు నిచ్చెన మీద నిలబడి బోర్డు రాస్తున్నాడు. రాసే ప్రతి మాటా పైకి చదువుకుంటూ రాయడం అబ్బులికి అలవాటు. అలా అయితే గాని అక్షరం కుదురుగా రాదంటాడు. ఆ మాటలు రాసిచ్చింది చిన్నబ్బాయే. జిల్లా బోర్డు వాళ్ళు ట్రాఫిక్ నిబంధనలు కావాలంటే, కాకినాడలో చదువుకున్న పుస్తకం జ్ఞాపకం చేసుకుని, నిదానంగా నడిచేవన్నీ కొత్త రోడ్డు మీదకి మళ్ళాలని రాసిచ్చాడు.

"బరువు... బండ్లు," అన్నాడు అబ్బులు. కుంచె ముంచాడు. "గడ్డి... బండ్లు. పశువుల... మందలు. శవ... యాత్ర..."

తూము అక్కడికి దగ్గరే. దిమ్మిస ఆగిపోయింది.

చిన్నబ్బాయి వెనక్కి తిరిగి చూశాడు. ఆడవాళ్ళు నలుగురూ తాళ్ళు పట్టుకునే ఉన్నారు. మార్తమ్మ కూతురు రత్నమాల కంకర గంప కింద పెట్టి బోర్డు దాకా వచ్చింది. ఆమె చర్చి బడిలో ఎనిమిదో క్లాసు దాకా చదువుకుంది. బోర్డు పైనుంచి కిందికి చదివి, వెళ్ళి తల్లి చెవిలో చెప్పింది.

కాసేపటికి మార్తమ్మే వచ్చింది. "ఇయ్యి ఎవరు రాసేరు బాబుగారూ?"

"నేనే రాసేను. అందరికీ వర్తించేదే మార్తమ్మా. ఒకళ్ళకని కాదు."

"ఆయ్. అందరికీనండి." ఆవిడ ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని బజారు వైపు చూసింది. "ఊరోళ్ళ శ్మశానం ఎక్కడుందండి?"

చిన్నబ్బాయి చెప్పబోయి ఆగిపోయాడు. ఊరి శ్మశానం పడమటి తోటల అవతల ఉంది. ఊళ్ళో ఏ ఇంట్లో మనిషి పోయినా బజారు తొక్కే పనే లేదు. పేట ఇక్కడ, పడమటి కొసన. పేటవాళ్ళ సమాధుల దొడ్డి నల్ల వంతెన అవతల. మధ్యలో బజారు. ఈ ఊళ్ళో బజారు దాటి పోవలసిన శవాలు పేటవాళ్ళవి మాత్రమే.

"మరి ఇన్నాళ్ళూ ఎలా తీసుకెళ్ళేవారు?" అన్నాడు. అడిగాక, అది ముందు అడగవలసిన ప్రశ్న అనిపించింది.

"కాలవగట్టు మీంచండి. గట్టు మీరే తవ్వించేరు కదా, ఈ రోడ్డుకి మట్టి కావాలని." ఆవిడ మాటలో నిష్ఠూరం ఎక్కడా లేదు. "పోయినేడు మా కుర్రోళ్ళు అంటరానితనం లేదని చట్టం వచ్చింది, బజారులోంచే పోతామని అర్జీ పెట్టేరు. బోర్డోళ్ళు ఈ రోడ్డేసేరు."

"వీరన్న గారు నేల ఊరికే ఇచ్చింది..."

"ఆయన ఊరికే ఇచ్చేరని మీరు ఒక్కరే అనుకున్నారు బాబుగారూ," అంది మార్తమ్మ. తరవాత ఆడవాళ్ళ వైపు తిరిగి గొంతు పెంచింది. "ఏంటర్రా, బొమ్మల్లాగ నిలబడిపోయేరు? ఎత్తమ్మా."

అబ్బులు నిచ్చెన దిగి, "ఆ మాట పూర్తి చెయ్యమంటారాండి?" అని అడిగాడు.

"ఉండు," అన్నాడు చిన్నబ్బాయి. "ఇంకా ఉండు."

సాయంత్రం అతను వీరన్న గారింటికి వెళ్ళాడు. దారిలో మాటలు కూడబలుక్కున్నాడు. ఆ ఒక్క మాటా తీసేస్తే ట్రాఫిక్‌కి నష్టం లేదని, రోజూ జరిగేది కాదని, చదువుకున్న పుస్తకంలో కూడా అది తప్పనిసరి కాదని.

వీరన్న గారు అరుగు మీద పడక్కుర్చీలో ఉన్నారు. ఎంతో మర్యాదగా లేచి, "రండి రండి ఓవర్సీరు గారూ, ఎండన పడి వచ్చేరు," అని లోపలికి కేకేసి కాఫీ తెప్పించారు. ఆయనకి వెండి గ్లాసులో వచ్చింది. చిన్నబ్బాయికి గాజు గ్లాసులో వచ్చింది. ఆ గాజు గ్లాసు గూట్లో విడిగా ఉంటుందని అతనికి పోయిన నెలలోనే తెలుసు. ఎప్పటిలాగే తాగాడు.

అతను చెప్పిందంతా ఆయన విన్నారు. "మీరు రాసిందే కదండీ అది," అన్నారు. "మేమేం కలిపేమా? ఒక్క అక్షరం కలపలేదు. చదువుకున్న మనిషి రాసేరు, మాకెందుకని చేతులెత్తేం. తీర్మానం అయిపోయింది."

"నాకు అప్పుడు తెలీదండి."

"ఇప్పుడు మాత్రం తెలిసిందేముందండీ? వాళ్ళకీ మంచిదే. చక్కటి రోడ్డు. ఎవరి కంటా పడక్కర్లేదు." ఆయన గ్లాసు కింద పెట్టారు. "అసలు సంగతి వినండి. సోమవారం మొదట మన బండి నడవాలి. నిండుగా కొత్త కాయలు, ఎద్దులకి మువ్వలు, అంతా సిద్ధం చేయించేను. సిద్ధాంతి గారు ముహూర్తం పెట్టేరు. కొత్త రోడ్డు మొదట దేన్ని మోస్తుందో చూడాలండి. నిండు బండి నడిచిందా, ఎన్నాళ్ళయినా సరుకే నడుస్తుంది. అందాకా దాని మీద కుక్కని కూడా నడవనివ్వకండి."

"పనివాళ్ళు రోజూ నడుస్తున్నారు కదండీ."

"కూలీలు లెక్కలోకి రారు లెండి," అన్నారు వీరన్న గారు, ఎంతో స్నేహంగా.

శనివారం ఎండ పొద్దున్నే మండిపోయింది. చిన్నబ్బాయి చూరులు కోయించడానికి వంతెన దగ్గరికి వెళ్ళాడు. అక్కడ ఉండలేక సున్నం వాళ్ళ దగ్గరికి వచ్చాడు. మళ్ళీ తూము దగ్గర తేలాడు. మార్తమ్మ ముఖం చూడాలంటే బెరుకుగా ఉంది. ఆవిడే పిలిచింది.

"నీళ్ళు తాగండి బాబుగారూ. మీ మొహం చూస్తే నాకు దాహమేస్తోంది."

కుండలో ముంచి కొబ్బరి చిప్పతో ఇచ్చింది. తాగాడు. ఆవిడ తూము గోడ నీడలో చతికిలబడింది. దిమ్మిసకి కాసేపు విరామం.

"మా ఆయనకి బతికున్నన్నాళ్ళూ నీళ్ళంటే భయం," అంది. "తానం చెయ్యమంటే గోదారి దాటమన్నట్టు చూసేవోడు. వానల్లో పోయేడు. గట్టంతా బురద. మోసేవాళ్ళకి కాళ్ళు జారి, పాడెతో సహా కాలవలో పడ్డాడు. నేను దిగి పట్టుకున్నాను. బతుకంతా చెయ్యని తానం చచ్చేక చేసేడు." తనే నవ్వింది. చిన్నబ్బాయి నవ్వలేదు. "నవ్వండి బాబుగారూ, పరవాలేదు. మేమూ నవ్వుకున్నాం. అది కాదు నా బాధ. దింపుడుకళ్ళం ఎరుగుదురా?"

"ఎరుగుదును."

ఎరక్కపోవడమేముంది. శవాన్ని దారి మధ్యలో ఒకసారి కిందికి దింపి, అయినవాళ్ళు చెవి దగ్గర పేరు పెట్టి పిలుస్తారు. ఒకవేళ ప్రాణం ఉంటే పలుకుతారని. పలకరని అందరికీ తెలుసు. అయినా పిలుస్తారు.

"చర్చిలో చేరినా మేం అది మానలేదండి. పాస్టరుగారికి కోపమే. అయితే గట్టు మీద దింపడానికి చోటేదండి? ఒక మనిషి పట్టే దారి. ఆయన్ని దింపలేదు, పిలవలేదు. మా అయ్యని అంతే, మా అమ్మని అంతే. పేటలో ఇప్పటిదాకా పిలిపించుకున్నోళ్ళు లేరు." ఆవిడ గోనెపట్టా సర్దుకుంది. "నన్ను మట్టుకు బజారులోంచి తీసుకెళ్ళి, ఆ మూడు దారుల మొగలో దింపి పిలవమని మా పిల్లకి చెప్పేను. అక్కడైతే వెడల్పు. ఇప్పుడింక చెల్లదు లెండి, మీరు బోర్డు రాయించేసేరు."

"ఆ మాట ఇంకా పూర్తి చెయ్యలేదు," అన్నాడు చిన్నబ్బాయి.

"మాట పూర్తయితేనేం, లేకపోతేనేం బాబుగారూ." ఆవిడ చేత్తో నేల ఊతం పట్టి లేచింది. "అయినా ఇప్పుడే పోతానా ఏంటి. ఈ తూము గట్టిపడాలి ముందు."

మధ్యాహ్నం ఇళ్ళకి పొమ్మని చెప్పవలసింది. చెబుదామనే అనుకున్నాడు. కాని సోమవారం తరుముకొస్తోంది, కంకర ఇంకా సగం పరవలేదు. ఇంకొక్క పొర కొట్టేక పోదామని మార్తమ్మ అన్నప్పుడు అతను సరేనన్నాడు. కుర్చీ ఏదీ అని ఎవరో అడిగితే అటు వెళ్ళాడు. తిరిగి వచ్చేటప్పటికి ఆడవాళ్ళంతా ఒకచోట వంగి ఉన్నారు. మార్తమ్మ కొట్టిన కంకర పక్కన పడి ఉంది, కళ్ళు తేలేసి. కుండలో ఉన్న నీళ్ళన్నీ ఆవిడ తల మీద పోశారు. చిన్నబ్బాయి టోపీతో విసిరాడు. ఒక ఖాళీ బండి ఆపి పేటకి చేర్చారు. డాక్టరు వచ్చి వడదెబ్బ అన్నాడు. పొద్దుగూకే వేళకి ఆవిడ పోయింది.

ఆదివారం పొద్దున్న పేట మొదట్లో వీరన్న గారు గొడుగు వేసుకుని నిలబడి ఉన్నారు. వెనక ఆయన గుమాస్తా, పక్కన కానిస్టేబులు అప్పారావు. ఎదురుగా పాకల ముందు పేటవాళ్ళు. చిన్నబ్బాయి సమాధి సంగతి పాస్టరుగారితో మాట్లాడి చర్చి దగ్గర్నుంచి వచ్చాడు. రాత్రి నిద్ర లేదు, కళ్ళు మండుతున్నాయి.

"రండి ఓవర్సీరు గారూ," అన్నారు వీరన్న గారు. "మంచి చిక్కొచ్చి పడింది. మీరే దారి చెప్పాలి."

"ఏవిటండి?"

"బోర్డు తీర్మానం ప్రకారం ఈవిడ కొత్త రోడ్డు మీంచి వెళ్ళాలి. కాని రేపు ముహూర్తం ఉందాయె. రోడ్డు మీద మొదట శవం..." ఆయన ఆ మాట పూర్తి చెయ్యకుండా చెంపలు వేసుకున్నారు. "అందుకని రేపు మన బండి నడిచేక తీసుకెళ్ళమంటున్నాను. మధ్యాహ్నానికల్లా దారి వదిలేస్తాం."

"ఈ ఎండలో రేపటిదాకానా బాబూ?" అంది రత్నమాల. ఏడ్చి ఏడ్చి ఆమె గొంతు బొంగురుపోయింది.

"పోనీ ఇంకో ఉపాయం. కాలవ కట్టేసేరు కదా. అడుగునంతా ఎండే ఉంది, కాస్త బురదంతే. దిగి వెళ్ళిపోతే నల్ల వంతెన కింద తేల్తారు. ఎవరికీ ఇబ్బంది లేదు."

పేటవాళ్ళలో కదలిక వచ్చింది. రత్నమాల ఒక్కతే కదల్లేదు. "మా నాన్న కాలవలో పడితే మా అమ్మ దిగి ఎత్తింది," అంది. "ఇప్పుడు మా అమ్మని మేమే దింపాలాండి?"

అప్పారావు మీసం నిమురుకుని, "నాకు బజారులో గొడవ కాకపోతే చాలండి," అన్నాడు, ఎవరి వైపూ చూడకుండా.

అందరూ చిన్నబ్బాయి వైపు చూశారు. అతను కాళ్ళ కింది నేల వైపు చూశాడు. అది కొత్త రోడ్డు మొదలయ్యే చోటు. నిన్న మధ్యాహ్నం దాకా మార్తమ్మ మడమతో నొక్కి చూసిన నేల.

"వీరన్న గారూ, ఇవ్వాళ కొత్త రోడ్డు మీంచి వెళ్ళొచ్చునా?"

"అయ్యో, ముహూర్తమండీ."

"వద్దంటారు. సరేనండి. కాలవ నాది కాదు, కాలవల శాఖ వాళ్ళది. అందులోకి మనిషిని దించమని నేను చెప్పలేను. నా చేతిలో ఉన్నవి రోడ్లు. అవి రెండే. ఒకటి మీరు మూసేరు." అతను బజారు వైపు తిరిగాడు. "ఇంక ఉన్నది బజారు ఒక్కటేనండి."

"తీర్మానం ఉందండీ."

"అది సోమవారం నుంచండి. రోడ్డు తెరిచేక. ఇవ్వాళ తెరిచిన రోడ్డు బజారే."

వీరన్న గారు గొడుగు ముడిచారు. ఆయన గొంతు ఇంకా మెత్తబడింది. "మీరు పలివెల బండోళ్ళ అబ్బాయి కదూ? చల్లగా ఉద్యోగం చేసుకోవలసినవాళ్ళు."

"ఆయ్. బండోళ్ళ అబ్బాయినేనండి," అన్నాడు చిన్నబ్బాయి. "బజారులో ఆగిపోతే ఎలా ఉంటుందో తెలుసు. అందుకే దారి ఇప్పిస్తాను. అప్పారావు గారూ, మీరు నల్ల వంతెన దగ్గర నిలబడండి. అటునించి ఒక్క బండి రానివ్వకండి. మొగలో నేనుంటాను." తరవాత గుమాస్తా వైపు తిరిగాడు. "జెండాలు కుట్టించి మీ కొట్లోనే పెట్టించేను. పట్రండి."

గుమాస్తా యజమాని వైపు చూశాడు. వీరన్న గారు ఎటూ చూడలేదు. ఎటూ చెప్పకపోతే వెళ్ళమన్నట్టేనని గుమాస్తా వెళ్ళాడు.

మూడు దారుల మొగ అంటే మెయిన్ బజారులో ముక్తేశ్వరం రోడ్డు వచ్చి కలిసే చోటు. చిన్నబ్బాయి ఎర్రజెండా పట్టుకుని అక్కడ నిలబడ్డాడు. జెండా పట్టుకోవడం అదే మొదలు. ఎంత ఎత్తున పట్టుకోవాలో తెలీక భుజం లాగుతోంది. అతని ఎదట కొబ్బరికాయల బండి ఆగింది. దాని వెనక గడ్డి బండి, దాని వెనక ఇంకోటి. రేవు నుంచి బస్సు వచ్చి, హారను మోగించి, జెండా చూసి ఆగింది. బజారు మాత్రం ఖాళీగా, తెల్లగా, ఈ చివర నుంచి ఆ చివరకి కనిపిస్తోంది. అంత పొడుగున్నదని అతనెప్పుడూ అనుకోలేదు.

కొట్ల వాళ్ళు కొందరు తలుపులు సగానికి మూశారు. పూర్తిగా మూస్తే బయట ఏం జరుగుతోందో కనపడదు మరి.

కండక్టరు దిగి వచ్చాడు. "ఏవండీ, రోడ్డు తెరవడం రేపన్నారు కదా?"

"అది కాదండి. శవయాత్ర వస్తోంది."

"బజారంతా ఆపేరంటే పెద్దవారే అయ్యుంటారు. ఎవరండీ పోయింది?"

"మార్తమ్మగారు," అన్నాడు చిన్నబ్బాయి. ఆవిడ పేరుకి గారు చేర్చడం అదే మొదలు.

"ఏ మార్తమ్మగారండీ?"

"కొత్త రోడ్డు వేసేరు."

కండక్టరు తల ఊపి, బస్సు దగ్గరికి వెళ్ళి, "దిగకండి, దిగకండి. ఎవరో రోడ్డు వేయించిన మార్తమ్మగారట," అని చెప్పాడు. బస్సులో మాటలు ఆగిపోయాయి.

ముందు పాస్టరుగారు వచ్చారు. వెనక పాడె. దాని వెనక పేట మగవాళ్ళు, పిల్లలు, దిమ్మిస ముఠా ఆడవాళ్ళు. మోసేవాళ్ళు మొదట గోడవారగా నడుస్తున్నారు, ఖాళీ బజారులో కూడా. ఎవరూ చెప్పకుండానే, అంగడి అంగడికీ కాస్త కాస్త జరిగి, మొగ దగ్గరికి వచ్చేటప్పటికి రోడ్డు మధ్యకి వచ్చారు. ఆడవాళ్ళ అడుగులు ఒకేసారి పడుతున్నాయి. వరస చెప్పేవాళ్ళు లేరు. అయినా పడుతున్నాయి.

మొగలో పాడె ఆగింది. పాస్టరుగారికి సంగతి తెలిసింది; నాలుగడుగులు ముందుకి వేసి, వీపు తిప్పి, పుస్తకంలో ఏదో వెతుక్కుంటూ నిలబడ్డారు. పాడె కిందికి దింపారు.

రత్నమాల మోకాళ్ళ మీద కూర్చుని తల్లి చెవి దగ్గరికి వంగింది. పిలవలేకపోయింది. లేచి నిలబడిపోయింది. అటూ ఇటూ చూసింది: ఆగిన బండ్లు, ఆగిన బస్సు, సగం మూసిన తలుపుల వెనక ముఖాలు. ఆమె చూపు చిన్నబ్బాయి దగ్గరికి వచ్చి ఆగింది. అతను జెండా ఇంకొంచెం పైకెత్తాడు. అంతకంటే అతనికి ఏం చెయ్యాలో తెలియలేదు.

ఆమె మళ్ళీ వంగింది. "అమ్మా," అంది. "మార్తమ్మా."

రెండోసారి పిలిచినప్పుడు ముఠా ఆడవాళ్ళు కూడా పిలిచారు. మూడోసారి బజారు ఆ చివరిదాకా వినపడింది. గడ్డి బండి మీద ఉన్న మనిషి తలపాగా తీసి దిగాడు. రంగు మరకలతో కొట్టు అరుగు మీద కూర్చున్న అబ్బులు, ఎప్పటి అలవాటో ఏమో, ఆ పేరు ఒక్కొక్క అక్షరం మెల్లిగా పైకి అనుకున్నాడు.

మార్తమ్మ పలకలేదు. పాడె లేచింది. వంతెన దాటేదాకా చిన్నబ్బాయి జెండా దించలేదు.

ఆ సాయంత్రం బజారు పొడుగునా పేడనీళ్ళు కళ్ళాపి జల్లించారు. దుమ్ము అణిగింది. బస్సు వాళ్ళు సంతోషించారు.

సోమవారం అన్నీ అనుకున్నట్టే జరిగాయి. రిబ్బను తెగింది, కుర్చీ సరిపోయింది. మువ్వల ఎద్దులు కొత్త కాయల బండిని లాక్కుంటూ తూము మీదకి ఎక్కినప్పుడు చిన్నబ్బాయి వంగి చక్రాల వైపు చూశాడు. చక్రం కొంచెమైనా దిగలేదు.

పెద్ద ఇంజనీరు గారు నోటీసు బోర్డు దగ్గర ఆగారు. "పశువుల మందలు... తరవాత ఈ ఖాళీ ఏవిటి?"

రాసిన సగం మాటనీ అబ్బులు పొద్దున్నే తెల్లరంగుతో మూసేశాడు.

"శవయాత్రలని నేనే రాసేనండి. తీసేయించేను," అన్నాడు చిన్నబ్బాయి. "నిన్న బజారులోంచి ఒకటి వెళ్ళింది. దారి ఇస్తే ట్రాఫిక్‌కి ఏ ఇబ్బందీ రాలేదండి. తీర్మానం మార్చమని ఇవ్వాళ రాస్తున్నాను."

వీరన్న గారు గొంతు సవరించుకున్నారు. పెద్ద ఇంజనీరు గారు నడుం పట్టుకుని, ఆ ఖాళీని కాసేపు చూసి, "అక్షరాలు బాగున్నాయి," అని కారు ఎక్కారు.

తీర్మానం మారలేదు. వానలు పడకముందే చిన్నబ్బాయిని కె.గంగవరం వైపు బదిలీ చేశారు. కాని ఆ బోర్డు మీద ఆ ఖాళీని మళ్ళీ పూరించడానికి అబ్బులు దొరకలేదు. ఎప్పుడు పిలిచినా వేరే ఊళ్ళో పని ఉందనేవాడు. పేటలో తరవాత పోయినవాళ్ళని కూడా బజారులోంచే తీసుకెళ్ళారు, మొగలో దింపి పిలిచారు. మొదటిసారి సగం మూసిన తలుపులు రానురాను ఎవరూ మూయలేదు.

ఇప్పుడు బండ్లూ లారీలూ బస్సులూ కొత్త రోడ్డు మీంచే పోతున్నాయి. మీరు అటు వెళ్ళేటప్పుడు రోడ్డు మొదట్లోనే ఒక తూము వస్తుంది. దాని మీద బస్సు కుదపదు, అందుకని అది వచ్చినట్టే తెలీదు. దాన్ని దిమ్మిస కొట్టించిన మనిషి ఆఖరి ప్రయాణంలో ఆ రోడ్డు మీద వెళ్ళలేదు, బజారులోంచే తీసుకెళ్ళమన్నది. ఆవిడ పేరు మార్తమ్మ. తూము దాటేటప్పుడు, మనసులోనైనా సరే, ఒక్కసారి ఆ పేరు పెట్టి పిలవండి.